స్వెట్టర్ అంచులో పిట్ట

ఆ సబ్‌వేలోకి దిగితే పేరు పెట్టి పిలుస్తుందని చెప్పుకుంటారు.

పెద్ద రోడ్డుకి ఇటు బట్టల కొట్లు, అటు మూతబడిన నూలు మిల్లు. మధ్యలో రోడ్డు కింద నుంచి మనుషులు నడవడానికని ఎప్పుడో తవ్విన దారి. ఇరవై రెండు మెట్లు దిగాలి, మలుపు తిరగాలి, చీకట్లో ఓ వంద అడుగులు నడవాలి, మళ్ళీ ఇరవై రెండు మెట్లు ఎక్కాలి. ఆ మాత్రం దానికి జనం డివైడర్ దూకుతారు. చంకలో పిల్లల్ని పెట్టుకుని లారీల మధ్య నుంచి పరిగెడతారు. లారీ కింద పడితే పడతారు గానీ ఆ మెట్లు మాత్రం దిగరు.

ఎందుకంటే అక్కడ ఒకతె ఉంది.

నలభై ఏళ్ళ కిందట మిల్లులో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళుతూ ఒక అమ్మాయి ఆ మలుపు దగ్గర చచ్చిపోయింది. ఎవరు చంపారో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ పెద్దగా అనిపించినట్టు కూడా లేదు. కానీ చచ్చాక ఆమె జుట్టు ఎలా విరబోసుకుంటుందో, ఏ రంగు బట్టలు వేసుకుంటుందో మాత్రం అందరూ కళ్ళతో చూసినట్టు చెబుతారు.

ఆమె పిలవడంలో ఒక పద్ధతి ఉందట. మన ఇంట్లో వాళ్ళ గొంతు పెట్టుకుని పిలుస్తుంది. అమ్మలాగానో, చెల్లెలిలాగానో… ఒక్కసారి పలికామా, ఇక అంతే. అందుకే ఎవరు పిలిచినా పలక్కూడదు. పిలుపు వచ్చిన వైపు చూడకూడదు. వచ్చిన దారినే బయటికి వచ్చెయ్యాలి.

ఈ కథ ఆ మెట్ల పక్కన టీ కాచే అక్క చెప్పింది. అక్కకి, ఆ కథలోని కోడలే చెప్పుకుంది.

*

కోడలు బట్టల కొట్లో ఆల్టరేషన్ మిషను మీద పని చేసేది. పొద్దున పదింటికి కూర్చుంటే రాత్రి ఎనిమిదింటికి లేచేది. మొగుడు అయిదింటికల్లా ఆఫీసు నుంచి వచ్చేసేవాడు. పగలు పక్కింటావిడ ఓ కన్నేసి ఉంచేది. అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా వాళ్ళమ్మని చూసుకోవడం అతని వంతు. చూసుకోవడమంటే అదే గదిలో కూర్చుని ఫోను చూసుకోవడమని అతని లెక్క.

ఎందుకు చూసుకోవాలంటే అత్తకి మతి జారిపోతోంది.

ఆమె ఆ నూలు మిల్లులోనే ముప్పై ఏళ్ళు పని చేసింది. మొగుడు పోయాక ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఇప్పుడు నిన్న తిన్నది గుర్తుండదు గానీ షిఫ్టు టైము మాత్రం గుర్తుంది. సాయంత్రం అయ్యేసరికి లేచి నిలబడేది.

"ఎక్కడికత్తా?"

"షిఫ్టుకే. అది మెట్ల దగ్గర నా కోసం చూస్తుంటుంది."

"ఎవరు?"

"ఇంకెవరు, పొట్టిది. ఒక్కతే రాలేదు. భయం దానికి."

పొట్టిది అంటే పక్క మిషను మీద పని చేసిన మనిషి. ఇద్దరూ రాత్రి షిఫ్టు దిగాక జంటగా ఆ సబ్‌వే దాటేవారు. ఒక రోజు అత్తకి జ్వరమొచ్చింది. ఆ రోజు పొట్టిది ఒక్కతే దాటింది. అంటే, దాటలేదు.

"ఊరంతా దాన్ని దెయ్యం అంటారే," అంటుండేది అత్త, మతి కుదురుగా ఉన్న రోజుల్లో. "దెయ్యమేంటి? నా టిఫిన్ డబ్బాలోంచి తిన్న మనిషి."

ఈ మాట కొడుకూ చిన్నప్పటి నుంచి విన్నాడు. కాకపోతే బయట స్నేహితుల దగ్గర విన్న కథ అతని ఒంటికి ఎక్కువ పట్టింది.

*

ఇక బిళ్ళల సంగతి. వస్తువు ఎక్కడుందో ఫోన్లో చూపించే బిళ్ళలు.

ఒకసారి బస్సు డిక్కీలో సూట్‌కేసు పోయిందని అతనే కొనుక్కొచ్చాడు. పెట్టెలో నాలుగు. పెద్ద కోటు గుండీ అంత ఉంటుంది ఒక్కోటి. ఒకటి కొత్త సూట్‌కేసులో వేశాడు. ఒకటి స్కూటర్ తాళాలకి. ఒకటి కుక్క మెడ బెల్టుకి. నాలుగోది సొరుగులో పడేశాడు.

"నీ ఫోన్లోనే పెట్టుకో అన్నీ. నాకెక్కడ తీరుతుంది," అన్నాడు.

బిళ్ళకి సొంతంగా నోరు లేదు. దాని పక్క నుంచి ముప్పై అడుగుల లోపు ఎవరి ఫోను వెళ్ళినా దాని చెవిలో నేనిక్కడున్నానని ఊదుతుంది. ఆ ఫోను, మోసేవాడికి కూడా తెలియకుండా, ఆ కబురు మన ఫోనుకి అందిస్తుంది. ఆ చోట సిగ్నల్ లేకపోతే బయటికి వచ్చాక అందిస్తుంది. దారిన పోయే జనమే దానికి కాళ్ళూ నోరూ. జనం పోని చోట బిళ్ళ ఉన్నా లేనట్టే.

కుక్క రెండుసార్లు తప్పిపోయింది. రెండుసార్లూ గంటలో దొరికింది. ఆ మాట అతను ఆఫీసులో నెల రోజులు చెప్పుకున్నాడు.

అత్త ఒకసారి వీధి చివరి దాకా వెళ్ళి వచ్చినప్పుడు కోడలు నాలుగో బిళ్ళ తీసింది. అత్త ఏడాది పొడుగునా విడవని బూడిద రంగు స్వెట్టర్ ఒకటుంది. దాని అంచు విప్పి, బిళ్ళ లోపల పెట్టి, రెండు వరసలు కుట్టు వేసింది.

అతనికి కోపమొచ్చింది. "మా అమ్మేమన్నా కుక్కా?"

"కుక్కకైతే కట్టారుగా," అంది కోడలు, దారం కొరుకుతూ.

ఆ తర్వాత వారమే అత్తని ఆడబిడ్డ వచ్చి తీసుకెళ్ళింది. రెండు రోజులకి ఫోను.

"వదినా, మా అమ్మకి ఏం పెట్టి కుట్టావు? కూర్చుంటే కిక్కురుమనదు, లేస్తే చాలు కీచుమంటోంది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు."

బిళ్ళ మన ఫోనుకి దూరమై ఒక రోజు గడిస్తే అంతేనట. ఎవరన్నా ఎత్తుకుపోతున్నారేమోనని, కదిలినప్పుడల్లా కూస్తుంది. కదలకపోతే ఊరుకుంటుంది.

అత్తకి మాత్రం అది భలేగా ఉంది. "నా అంచులో పిట్ట దూరిందే," అని మురిసిపోయింది. అప్పటి నుంచి తన బిస్కెట్టులో ముక్క విరిచి స్వెట్టర్ అంచు మడతలో దోపేది. దానికీ ఆకలేస్తుంది కదా అనేది. ఉతికేటప్పుడల్లా కోడలు ఆ పొడి దులుపుకునేది.

*

మంగళవారం ఎనిమిదిన్నరకి కోడలు ఇంటికి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. అతను ఫోన్లో మ్యాచ్ చూస్తున్నాడు.

"అత్తేరి?"

"లోపలుంది కదా." తలెత్తాడు. "ఇప్పుడే ఇక్కడే ఉంది."

కోడలు తన ఫోను తీసింది. మ్యాపు మీద చుక్క — సబ్‌వే మెట్ల పక్కన, టీ కొట్టు దగ్గర. సాయంత్రం ఏడూ పది. అతనన్న ఆ 'ఇప్పుడే'కి గంట దాటింది.

ఇద్దరూ స్కూటర్ మీద వెళ్ళారు. టీ అక్కకి ఏమీ తెలీదు. "గ్లాసులు కడుక్కుంటున్నానమ్మా. ఎవరు పోయారో, ఎటు పోయారో…" అత్తని అక్క ఫోను కనిపెట్టింది గానీ, అక్క చూడలేదు.

మెట్లు రెండడుగుల దూరంలో ఉన్నాయి. కింద చీకటి. ఇద్దరూ అటు చూశారు.

"నువ్వు బస్‌స్టాపు వైపు అడుగు," అన్నాడతను, టార్చి తీస్తూ. "కింద నేను చూసొస్తా."

నిజం చెప్పాలంటే కోడలికీ ఆ మెట్లంటే భయమే. అతను వెళతానన్నాడు. ఆమె ఊపిరి తేలికపడింది. ఆ తేలికపడటానికి ఆమె తర్వాత ఎన్నేళ్ళైనా తనని తాను క్షమించుకోలేదు.

బస్‌స్టాపులో అందరినీ అడిగి వచ్చేసరికి అతను పైనే నిలబడి ఉన్నాడు. మొహం నిండా చెమట. చొక్కా జేబులో ఫోను ఇంకా మోగుతోంది — మ్యాచ్ చెప్పేవాడు ఎవడో గొంతు చించుకుంటున్నాడు.

"ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూశా. ఎవరూ లేరు."

"అవతలి మెట్లు ఎక్కి చూశారా?"

"చూశానంటున్నాగా."

స్టేషన్లో కూడా అదే రాయించాడు. సబ్‌వే స్వయంగా వెతికితిననీ, అందులో ఎవరూ లేరనీ. కింద సంతకం. కానిస్టేబుల్ ఆ కాగితం మడిచి కోడలి వైపు తిరిగాడు. "అత్తాకోడళ్ళకి ఏమన్నా గొడవా?"

*

బుధవారం… గురువారం… శుక్రవారం.

బస్టాండ్లు తిరిగారు. ఆసుపత్రులు తిరిగారు. చెప్పడానికి నోరు రాని గదుల్లో కూడా గుడ్డ ఎత్తి చూసి వచ్చారు. అతనూ తిరిగాడు, కాదనకూడదు. తిండి మానేశాడు. గోడ గోడకీ ఫోటో అంటించాడు. రాత్రి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

చుక్క మాత్రం కదల్లేదు. మంగళవారం, ఏడూ పది, టీ కొట్టు.

"జనం మధ్య ఎక్కడున్నా ఈపాటికి ఎవరో ఒకరి ఫోను చెప్పాలండీ," అంది కోడలు. "మూడు రోజులు చెప్పలేదంటే, జనం లేని చోట ఉంది."

"బ్యాటరీ అయిపోయుంటుంది."

"ఏడాది వస్తుంది."

"అయితే నీ కుట్టు ఊడిపోయుంటుంది."

తన కుట్టు ఊడదని ఆమెకి తెలుసు. ఊరు నడిబొడ్డున జనం కాలు పెట్టని చోటు ఏదో కూడా తెలుసు. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ… ఆయన చూశారు కదా అనుకుని పక్కన పెట్టేసేది. మొగుడి మాట కోసం సొంత ఆలోచనని అలా పక్కన పెట్టుకోవడం ఆడవాళ్ళకి ఎంత అలవాటంటే, మనం అది చేస్తున్నామని కూడా తెలీదు.

శుక్రవారం సాయంత్రం వెతుకులాట అయ్యాక ఆమె కాళ్ళు వాటంతట అవే టీ కొట్టుకి వచ్చాయి. చుక్క అక్కడే ఉంది మరి. కోడలు బల్ల మీద కూర్చుంది.

టీ అక్క గ్లాసు చేతికిచ్చి పక్కన చతికిలబడింది. గొంతు తగ్గించింది.

"నీ బాధలో నువ్వుంటావని చెప్పలేదు గానీ… దానికి కొత్త కూత వచ్చిందమ్మా."

"దేనికి?"

అక్క గడ్డంతో మెట్ల వైపు చూపించింది. "ఇన్నేళ్ళు పిలుస్తుందనే విన్నాం. ఇప్పుడు పిట్టలా కూస్తోంది."

కోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"బుధవారం రాత్రి మొదలైంది. రోడ్డు మీద బళ్ళు తగ్గాక వినబడింది. కీచ్ కీచ్ అని కాసేపు… ఆగుతుంది. మళ్ళీ కాసేపు… మళ్ళీ ఆగుతుంది. గురువారం రాత్రంతా అదే. ఎంతమంది వచ్చారనుకున్నావ్? రోడ్డుకి అవతల నిలబడి ఫోన్లలో రికార్డు చేసుకుపోయారు."

అన్ని ఫోన్లు. ఒక్కటీ ముప్పై అడుగుల లోపుకి రాలేదు.

"ఇప్పుడు?" అంది కోడలు. "ఇప్పుడు కూస్తోందా?"

"లేదులే, పీడా పోయింది. ఇవాళ తెల్లారుజామున పొయ్యి వెలిగిస్తుంటే ఒక్కసారి అంది. చిన్నగా. అంతే… మళ్ళీ లేదు."

కదిలితే కూస్తుంది. కదలకపోతే ఊరుకుంటుంది.

కోడలు గ్లాసు కింద పెట్టి లేచింది. అక్క ఆమె కొంగు పట్టుకోబోయి, పట్టుకోలేక, అక్కడే ఉండిపోయింది.

*

ఒకటి… రెండు… మూడు…

ఫోను వెలుతురులో మెట్లు తడితడిగా ఉన్నాయి. పైన బళ్ళ మోత ఒక్కో మెట్టుకీ దూరమైంది. ఎవరూ పిలవలేదు. పిలిస్తే బాగుండును అనుకుంది కోడలు. దెయ్యమైనా సరే, ఎవరో ఒకరు పిలిస్తే బాగుండును.

ఏడో మెట్టు మీద కాలికి ఏదో తగిలింది.

టార్చి. అద్దం పగిలి ఉంది. అతనిదే. మంగళవారం రాత్రి అతను పైన నిలబడి ఉన్నప్పుడు చేతిలో టార్చి లేదన్న సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

పైకెక్కేటప్పుడు జారిందేమో… ఇంకా అలాగే అనుకుంది. అంత అలవాటు.

ఇరవై రెండు. మలుపు. దుమ్ము, పాత మూత్రం వాసన, ఎక్కడో నీటి చుక్క. ఆమె ఆగి, ఫోన్లో బిళ్ళ బొమ్మ మీద నొక్కింది. మనకి దగ్గర్లో ఉంటే, నొక్కితే కూస్తుంది.

ఏమీ లేదు.

ఇంకో పది అడుగులు వేసింది. మళ్ళీ నొక్కింది.

చీకట్లోంచి — కీచ్… కీచ్… కీచ్…

"అత్తా," అంది కోడలు.

పిట్ట మాత్రమే పలికింది.

అత్త గోడకి ఆనుకుని ఉంది. ఆమెకి కొంచెం అవతల కాలవ మీద మూత రాయి లేని గుంత. ఆ గుంత దగ్గర్నుంచి ఆమె ఉన్న చోటి దాకా దుమ్ములో ఒక చార. మోచేతులతో ఈడ్చుకుంటూ వచ్చిన చార. ఒక జానెడు, ఆగడం. మళ్ళీ ఒక జానెడు, ఆగడం. మెట్ల వైపే వస్తోంది. పిట్ట కూసినన్నిసార్లు, ఆగినన్నిసార్లు… అంతా నేల మీద రాసి ఉంది.

చెయ్యి తాకి చూసింది. చల్లగా, బిగిసి ఉంది. వెచ్చగా ఉంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. చల్లగా ఉంటే ఏం చెయ్యాలో తెలీక, స్వెట్టర్ అంచు సర్దింది.

కుట్టు ఊడలేదు. అంచు మడతలో బిస్కెట్టు ముక్కలున్నాయి. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు జేబులో వేసుకున్నవి కాబోలు. మూడు రాత్రులు తను తిన్నదో లేదో గానీ పిట్టకి పెట్టింది.

కోడలు ఫోను చూసింది. మూడు రోజులుగా మారని అక్షరాలు మారాయి. మంగళవారం లేదు, టీ కొట్టు లేదు.

ఇప్పుడే. మీ దగ్గరే.

ఆమె ఆ రెండు మాటల వైపే చూస్తూ కూర్చుంది. జేబులో మ్యాచ్ మోగుతున్న ఫోను పెట్టుకుని అతను ఈ మలుపు తిరిగి ఓ ఇరవై అడుగులు వేసి ఉంటే, ఈ ఫోన్లో మంగళవారమే అత్త పేరు వెలిగి ఉండేది.

*

టీ అక్క ఫోను చేస్తే అతను వచ్చాడు. అంబులెన్సు ఇంకా రాలేదు. కోడలు పై మెట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పగిలిన టార్చి పెట్టుకుని.

అతను టార్చి చూశాడు. ఆమె మొహం చూశాడు. మెట్ల వైపు మాత్రం చూడలేదు.

"ఎన్ని మెట్లు దిగావు?"

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అతను ఆ సంగతి గమనించే స్థితిలో లేడు.

"నేను మొత్తం…"

"ఎన్ని?"

గోడ పట్టుకుని, మెల్లగా ఆమె పక్కనే కూలబడ్డాడు.

"ఏడు."

ఆమె తిట్టలేదు. భయమేసింది, నా వల్ల కాలేదు అని ఆ రాత్రి ఒక్క మాట చెప్పుంటే చాలు. తను దిగేది. టీ అక్కనన్నా లాక్కుని దిగేది. ఆ ఒక్క మాటకి నోరు రాకే అతను స్టేషన్లో సంతకం పెట్టాడు, ఊరంతా ఫోటోలు అంటించాడు, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఇదంతా ఆమె అతనికి చెప్పలేదు. ఇంకొకటే అడిగింది.

"ఏడు దిగినవాడివి, ఎనిమిదోది ఎందుకు దిగలేదు?"

పైన లారీ ఒకటి వెళ్ళింది. మెట్లు అదిరాయి. టీ అక్క స్టవ్ తగ్గించింది, వినడానికి.

"పిలిచింది," అన్నాడు.

"ఎవరు?"

"అదే… కింద ఉండేది. చిన్నప్పటి పేరు పెట్టి పిలిచింది. చిన్నోడా, ఇటు రారా అని… ఒకసారి కాదు. నేను పరిగెత్తుతుంటే కూడా పిలుస్తూనే ఉంది." అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి గుసగుసగా వచ్చింది మాట.

"నేను పలకలేదు… అచ్చం అమ్మ గొంతే."